బాలనర్సయ్య అరచెయ్యి

ఫ్యాక్టరీలకు అగ్నిప్రమాద బీమా ఇవ్వవచ్చో లేదో తేల్చడమే ఉప్పల్‌లో ఉండే తారామణి ఉద్యోగం. ఒకరోజు నాచారంలోని నూలు మిల్లును తనిఖీ చేస్తుంటే, వెంట వస్తున్న పాత కార్మికుడు బాలనర్సయ్య ఒక యంత్రం మీద అరచెయ్యి ఆనించి ఆగిపోయాడు.

"జర ఆగున్రి మేడం. లోపట బేరింగ్ కాలుతున్నది."

తారామణికి ఏ తేడా తెలియలేదు. యంత్రం వేడిని చూపే మీటరూ మామూలుగానే ఉంది. అయినా ఆయన యంత్రాన్ని ఆపించి విప్పించాడు. బేరింగ్ నల్లగా మాడిపోయి ఉంది. దానికి మూరెడు దూరంలోనే దూది గుట్ట.

తారామణి ఆయన వైపు తిరిగింది. "మీకెలా తెలిసిందండీ?"

"ముప్పై ఏండ్ల సంది దీనితోనే గద మేడం. దీని వణుకు మారితె నా చేతికి ఎర్కయితది."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏ నివేదికలోనూ చదవని సంగతి అది. తారామణి ఆ కాయలు కాసిన చేతికేసి అలాగే చూస్తూ నిలబడిపోయింది. సాయంత్రం బీమాకు ఒప్పుకుంటూ, రక్షణ ఏర్పాట్ల పట్టికలో మంటలార్పే సిలిండర్ల కంటే ముందు ఆయన పేరు రాసింది.