సైనికుల రొట్టె, నేల తుడిచే కర్ర

దుబాయ్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనికి కుదిరిన కొత్తలో నేను మనుషులతో కన్నా నా డైరీతోనే ఎక్కువ మాట్లాడేదాన్ని. ఊరి నుంచి వచ్చేవాళ్లు తెచ్చిచ్చే పాత వారపత్రికలు నా మంచం కింద కట్టగా ఉండేవి. వంట చేసే అక్కదీ మా గోదావరి వైపే, చదువు మాత్రం రాదు. బజ్జీల నూనె పీల్చడానికి ఆవిడ ఆ పేజీలే చింపేది.

ఒకరోజు ధైర్యం చేశాను. "చింపకక్కా, అందులో పనికొచ్చేవి ఉంటాయి."

"ఏం పనికొస్తాయే? ఒక్కటి చెప్పు చూద్దాం!"

చేతిలో ఉన్న పేజీ చూసి చెప్పాను. పాత యుద్ధాల్లో సైనికులు పిండిముద్దను కర్రకు చుట్టి, నిప్పు మీద కాల్చుకుని తినేవారట.

"అయితే శుక్రవారం ఇంటోళ్లతో ఎడారి ఇసుకలోకి పోతన్నాం గదా, చేసి చూపించు. తినేలా ఉంటే నీ పుస్తకాలు ముట్టను. లేదంటే కట్టంతా నా బజ్జీలకే!"

పిండి ఎలా చుట్టాలో తర్వాతి పేజీలో ఉండాలి. అది అప్పటికే నూనె పీల్చి చెత్తబుట్టకు చేరింది.

శుక్రవారం ఊరి చివర అల్ ఖూజ్ పేట దాటాక ఎడారిలో ఆగాం. ఇంటివాళ్లు మాంసం కాల్చుకుని నిప్పులు మాకు వదిలారు. చుట్టూ ముళ్లపొదలే. నీడకు కట్టిన దుప్పటికి ఊతంగా పెట్టిన నేల తుడిచే కర్ర ఒక్కటే దొరికింది. దాని చివర కడిగి, వెంట తెచ్చిన మైదాముద్దలో సగం తీసి మూడు పాయలు చేసి, నాకు తెలిసిన ఒకే పద్ధతిలో కర్ర చుట్టూ జడ అల్లాను. సెగ తగలగానే జడ సాగి, జారి, బూడిదలో పొర్లింది. కర్రకున్న రంగు బుడగలెత్తి కంపు కొట్టింది.

"ఓసి నీ దుంపతెగ! నిన్న దాంతోనే గదే బాత్రూమ్ కడిగాను!" అక్క ఇసుకలో కూలబడి నవ్వింది.

యజమాని తల్లి, ముసలావిడ, వచ్చి ఏమిటిదని అడిగింది. వచ్చీరాని అరబ్బీలో సైనికుల రొట్టె అని చెప్పాను. ఆ సైనికులు ఓడిపోయే ఉంటారని ఆవిడ తేల్చేసింది. ఇక చాలన్నట్టు "ఖలాస్" అంటూ మిగిలిన ముద్ద లాక్కుని, చేత్తో వెడల్పు చేసి, నిప్పుల కింద వేడి ఇసుకలో పూడ్చిపెట్టింది. కాసేపటికి తవ్వి తీసి, చెప్పు దులిపినట్టు దులిపింది.

మొదట తిన్నది అక్కే. మూడు ముక్కలు.

"ఇది నీ పుస్తకంలోది కాదే!"

"తినేలా ఉందా, లేదా?"

నోటినిండా రొట్టెతోనే అక్క నాలుగో ముక్కకు చెయ్యి చాచింది.

అప్పటి నుంచి ఏ పేజీ చింపాలన్నా నా దగ్గరికి తెచ్చి, "దీంట్లో తిండి గురించి ఏవన్నా ఉందా?" అని అడిగేది. ఒకసారి తెచ్చిన సీరియల్ పేజీలో తలుపు వెనక హంతకుడు కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉందక్కా. చేపల పులుసు."

"చదువు మరి," అంటూ అక్క స్టూలు లాక్కుని కూర్చుంది.

ఏం చేస్తాను, ఆ కత్తితో ముందు చేప పొలుసు తీయించాను.