అమ్మ తిప్పిన రసం మిషన్

మొన్న మా పిన్ని కోడలు ఫోన్ చేసి, ఇంట్లో రోజూ వాడుకోవడానికి ఏ స్లో జ్యూసర్ మంచిదో చెప్పమంది. రెండు కంపెనీల బొమ్మలు కూడా పంపింది. ఏది పిప్పిని పొడిగా తీస్తుంది, ఏది కడగడానికి తేలిక అని అడిగింది. ఆ పిల్లను ఊరికే కసురుకున్నాను. పాపం, తనకేం తెలుసు? పళ్ళను మెల్లగా నమిలి రసం పిండే మిషన్ల సంగతి నాకు నలభై ఏళ్ళ కిందటే తెలుసు. ఆ మాటెత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల మధ్యలో మేం దాచేపల్లిలో ఉండేవాళ్ళం. మా నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో కాటా గుమాస్తా. లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తూచి చీటీ రాయడం ఆయన పని. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, టైపు నేర్చుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. అమ్మకు రెండేళ్ళ నుంచి నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉండేది. గర్భసంచి తీసెయ్యాలని నరసరావుపేటలో లేడీ డాక్టర్ చెప్పింది. కానీ ఒంట్లో రక్తం లేదు, ఇలా ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోతుందని మొహం మీదే అనేసింది. మాత్రలు రాసి, రోజూ రెండు గ్లాసులు బత్తాయి, బీట్‌రూట్ రసం తాగించండి, రెండు నెలల తర్వాత చూస్తానంది.

బస్సెక్కే ముందే నాన్న స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళి రసం తీసే మిషన్ కొన్నాడు. ఆ రోజు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో! అది అల్యూమినియంది. బల్ల అంచుకు బిగించి, పై గరాటులో ముక్కలు వేసి పిడి తిప్పితే లోపలున్న మర వాటిని నలుపుతూ ముందుకు తోస్తుంది. జల్లెడలోంచి రసం కారుతుంది, పిప్పి విడిగా వస్తుంది. బత్తాయి గింజలన్నీ ఏరకపోతే మర వాటిని కూడా నలిపేస్తుంది, గ్లాసంతా చేదైపోతుంది. బీట్‌రూట్‌ను చిన్నగా తరక్కపోతే పిడి కదలదు. ఒక గ్లాసు నిండేసరికి భుజం పీకుతుంది.

ఆ పిడి తిప్పింది అమ్మే. నేను తిప్పుతానంటే, "నువ్వు జల్లెడ ఇరగ్గొడతావే" అనేది.

మొదటి వారం బాగానే గడిచింది. తర్వాత పలకరింపులు మొదలయ్యాయి. అమ్మకు జబ్బని తెలిసి చర్చివాళ్ళు, ఫ్యాక్టరీవాళ్ళు, వీధిలోవాళ్ళు వచ్చేవారు. ఉత్త చేతులతో రాకూడదని నాలుగు బత్తాయిలు తెచ్చేవారు. వచ్చినవాళ్ళను ఉత్త నోటితో పంపకూడదని అమ్మ మంచం దిగేది. వాళ్ళు తెచ్చిన పళ్ళు సరిపోక మేం కొన్నవీ అందులో కలిసేవి. "నీకెందుకమ్మా శ్రమ" అంటూనే గ్లాసు అందుకునేవాళ్ళు. రక్తం లేని మనిషి ఆయాసపడుతూ పిడి తిప్పుతుంటే, ఆమె ఆరోగ్యం కోసం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి ఆమె రసం తాగి వెళ్ళేవాళ్ళు. నాన్న ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆయనకో గ్లాసు. అమ్మ మాత్రం పిప్పిలో నీళ్ళు పోసి, పిసికి, ఆ నీళ్ళు తాగేది. "ఇదీ రసమేగా" అనేది. సిగ్గులేని జనం అనుకునేదాన్ని. ఆ గ్లాసులు అందించిన చేతులు నావే. అది తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు నెలల గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా, పక్క వీధిలో ఉండే బాబాయి హైదరాబాదు నుంచి కరెంటు జ్యూసర్ తెచ్చాడు. ఆదివారం చర్చి అయ్యాక దాన్ని చంకలో పెట్టుకుని మా వసారాలోకి వచ్చాడు.

"అన్నయ్యా, నీ చేతి మిషన్ ఇంక అటక మీద పెట్టు. దీంట్లో అరనిమిషంలో గ్లాసు నిండుద్ది."

"నిండితే సరా? రసం ఎంత, పిప్పి ఎంత? తూచి చూద్దాం పట్టు" అన్నాడు నాన్న. తూకమంటే చాలు, ఆయనకు పూనకమే.

పందెం మొదలైంది. వారానికని తెచ్చిన డజను బత్తాయిలు, కిలో బీట్‌రూట్ రెండు సమాన భాగాలయ్యాయి. వీధిలో మగాళ్ళంతా చేరారు. బాబాయి మిషన్ పెద్దగా రొద చేస్తూ క్షణాల్లో గ్లాసులు నింపింది. నాన్న నాలుగు చుట్లు తిప్పి భుజం పట్టుకున్నాడు.

"ఏమే, నువ్వు రా. నీకు చెయ్యి అలవాటేగా" అని పిలిచాడు.

అమ్మ వచ్చింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను పళ్ళు నూరుకుంటూ గింజలు ఏరాను. తిప్పింది, ఆగింది, మళ్ళీ తిప్పింది. కరెంటు మిషన్ తీసిన రసం మీద నురుగు దిగేదాకా నాన్న ఆగాడు. గ్లాసుల్లో పావువంతు నురుగే. రెండు పిప్పులూ త్రాసులో వేస్తే బాబాయి పిప్పి తడితడిగా బరువు తూగింది. మా పిప్పి పొట్టులా పొడిగా ఉంది. నాన్న మీసం దువ్వాడు. నిజమే, మెల్లగా తిప్పే మిషనే గెలిచింది. చప్పుడు లేదు, కరెంటుతో పనిలేదు, రసమూ ఎక్కువే. ఆ రసమంతా అక్కడున్న మగాళ్ళే తాగేశారు. ఏది రుచిగా ఉందో తేల్చాలిగా మరి! అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక్కడైనా ఆమెకో గుక్క ఇవ్వలేదు.

వారం తర్వాత డాక్టర్ రక్తం పరీక్ష చేయించి కాగితం చూసింది. రక్తం మునుపటికన్నా తగ్గింది.

"రసం తాగుతున్నావా అమ్మా?" అని అడిగింది.

"తాగుతున్నానండీ" అంది అమ్మ.

"రోజూ తాగుద్దండీ. దానికోసం మిషనే కొన్నాం" అన్నాడు నాన్న. ఆయన అబద్ధమాడలేదు. ఇంట్లో ఎవరు ఏం తాగుతున్నారో ఆయన ఏనాడూ చూసుకోలేదు.

"తాగలేదండీ. అందరికీ తీసి పోసింది, పిప్పి నీళ్ళు తాగింది" అన్నాను. గొంతు ఎంత పెద్దదైందో, బయట బెంచీ మీదివాళ్ళు లోపలికి తొంగి చూశారు. అమ్మ నా మోచెయ్యి గిల్లింది.

డాక్టర్ కలం కింద పెట్టింది. "ఇంక ఆగితే మనిషి దక్కదు. రక్తం ఎక్కించి ఆపరేషన్ చెయ్యాలి, రెండు సీసాలు కావాలి. ఆ రసం తాగినవాళ్ళనే వచ్చి ఇమ్మనండి."

నేనే ఇంటింటికీ వెళ్ళి అడిగాను. ఒకాయనకు నీరసమట. ఒకాయనకు నైటు డ్యూటీ అట. బాబాయి ఊళ్ళోనే లేడట, ఆయన చెప్పులు మాత్రం గుమ్మంలోనే ఉన్నాయి. నాన్న రక్తం గ్రూపు అమ్మ గ్రూపుతో కలవదని తేలింది. అది తేలాక ఆయన ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. ఒక సీసా నేనిచ్చాను. రెండోది మా ఇంట్లో ఏనాడూ చుక్క రసం ముట్టని ఒక లారీ డ్రైవర్ ఇచ్చాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, అమ్మ చాలా ఏళ్ళు బతికింది. నా కోపం మాత్రం చల్లారక ఇప్పటికీ ఆపరేషన్ ముందు రోజు దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు రక్తమిచ్చి లేస్తే కళ్ళు తిరిగాయి. నన్ను అమ్మ పక్కన కూర్చోబెట్టారు. నాన్న బయటి బండి దగ్గర నుంచి గ్లాసుడు బత్తాయి రసం తెచ్చి నా చేతికిచ్చాడు. అమ్మ చేతికి నా రక్తం ఎక్కుతోంది. ఆమె మెల్లగా తల తిప్పి చూసింది.

"సగం మీ నాన్నకియ్యవే. పొద్దుట్నుంచి ఏం తినలా ఆయన."

నాన్న చెయ్యి ముందుకొచ్చింది. ఆయన మొహంలోకి చూస్తూ గ్లాసు మొత్తం నేనే తాగాను.