మేనత్త పోలిక

ఆమె టవర్ క్రేన్ ఎక్కిందంటే మబ్బులు కూడా ఆమెను అడిగే పక్కకు జరిగేవని అక్కడి పనివాళ్లు చెప్తారు. అందులో సగం కోసేసినా మిగిలింది తక్కువేం కాదు. పదహారో అంతస్తు ఎత్తునుంచి రెండు టన్నుల ఇనుప కడ్డీలను, కింద మేస్త్రి చేతిలోని టీ తొణక్కుండా దించేది. అంతటి మనిషిని ఇంట్లో మాత్రం జిరాక్సు అనేవారు. ముక్కు, గడ్డం మీది నొక్కు, నవ్వితే ఓ పక్కకు పోయే పెదవి, అన్నీ మేనత్తవే. ఆ మేనత్త నలభై ఒకటో ఏట రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అంతకుముందు నాన్నమ్మా అలాగే పోయింది.

అప్పటినుంచి పెదనాన్నకు చేతినిండా పని. జిరాక్సు కనిపిస్తే చాలు, వయసు అడిగి, ముప్పై ఆరని చెప్పగానే మిగిలిన ఏళ్లను పెదవులతో లెక్కపెట్టుకునేవాడు. తల్లి పోలిక వచ్చిన చెల్లెలితో మాత్రం, నీకేం ఢోకా లేదమ్మా అనేవాడు. ఆ మాటను ఆవిడ బీమా కాగితంలా దాచుకుంది.

చివరికి ఒకరోజు, క్రేన్ పని ఇంకెవరికైనా నేర్పిపెట్టు, ఎందుకైనా మంచిది అన్నాడు. జిరాక్సుకు తిక్కరేగింది. బతికున్న మనిషి కుర్చీకి వేలంపాటేమిటని గొణుక్కుంటూ తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఒక జన్యువులో మార్పు నాన్నమ్మ దగ్గరనుంచి వచ్చి ఉండొచ్చు. మగవాళ్లకు ఈ జబ్బు అరుదు, కానీ ఆ మార్పును పిల్లలకు అందించడంలో వాళ్లేం తీసిపోరు. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. అది ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు, కానీ మిగతా ఆడవాళ్లకంటే ముప్పు చాలా ఎక్కువ. ముక్కు ఎవరిదన్నది దానికి పట్టదు.

నాన్నను బతిమాలి, బెదిరించి తీసుకెళ్లి, ఇద్దరి రక్తమూ ఇప్పించింది. ఆయనకు ఉంది. ఆమెకు లేదు. ఇక ఆమె ముప్పు అందరు ఆడవాళ్లతో సమానమేనన్నారు.

చెల్లెలు ఎగిరి గంతేసింది. "చూశావా అక్కా, అచ్చం అత్తలా ఉన్న నీకే లేదు. ఇంక నాకెక్కడ ఉంటుంది?"

"అచ్చం అత్తలా ఉన్న నాకే లేదంటే, ముఖానికీ దీనికీ సంబంధం లేదనే కదే."

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. మూడోరోజు తనే వెళ్లి రక్తం ఇచ్చింది.

ఆమెకు ఉంది.

నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చెల్లెలు ఏడ్చింది, ముఖం కడుక్కుంది, స్కాన్ ఎప్పుడో కనుక్కుంది. మొదటి స్కాన్‌లో ఏమీ లేదు. ఏటా చేయించుకోవాలి. ఆపరేషన్ చేయించుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది, అయితే చేయించుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టమన్నారు. నా ఒళ్లు, నేనే తేల్చుకుంటానని ఇంట్లో అందరికీ చెప్పేసింది.

ఆదివారం పెదనాన్న ఓదార్చడానికి వచ్చాడు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే చెల్లెలు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెదనాన్నా, నాన్నకిది నాన్నమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మీరు కూడా ఆవిడ కొడుకే కదా."

పెదనాన్న చెయ్యి మీసం మీదికి పోయింది. "నేను మగాణ్ణి తల్లీ."

"మా నాన్న ఎవరనుకున్నారు?"

పక్కగదిలో నాన్న దగ్గాడు. పెదనాన్నకు ఇద్దరు కూతుళ్లు, ఒకతికి ముప్పై దాటలేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు. ఆయనకే గుర్తొచ్చినట్టుంది, నేల చూపులు చూశాడు.

"అమ్మాయిలకు ఏం చెప్పాలి?" అన్నాడు.

"ముందు మీ రక్తం ఇవ్వండి. ఏం చెప్పాలో ఆ కాగితమే చెప్తుంది," అంది జిరాక్సు. "రేపు పొద్దున తొమ్మిదికి రెడీగా ఉండండి, నేనొచ్చి తీసుకెళ్తా. సూదంటే భయమైతే ఇప్పుడే చెప్పండి, చెయ్యి పట్టుకోడానికి చెల్లిని కూడా తెస్తాను."