కొండమీది జనాభా: ఒకరు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. ఇప్పటికీ వాటిమీద నమ్మకం లేదు. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

నేను కెనడాలోని సస్కటూన్‌లో మ్యాపింగ్ పని చేస్తాను. పోయిన చలికాలం మా ఆఫీసుకు పెరూ దేశంలోని ఒక మారుమూల జిల్లా పని వచ్చింది. ఆండీస్ పర్వతాల్లో ఉంది. జిల్లా అంటే పెద్దగా ఊహించుకోకండి. లోయలో ఒక ఊరు, దానికి పైన గడ్డి తప్ప ఏమీ మొలవని చలి మైదానాలు, అక్కడక్కడ ఉన్ని కోసం అల్పాకాలనే జంతువులను మేపుకునేవాళ్ళ రాతి ఇళ్ళు. శాటిలైట్ ఫోటోలు చూసి ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారో అంచనా వేయాలి. మనుషులు లేరని మేం తేల్చిన చోటికి వైద్యబృందం ఇక వెళ్ళదు.

పని తేలికే. ఇంటి పక్కన రాతి దొడ్డి నల్లగా కనిపిస్తే పేడ తాజాగా ఉన్నట్టు, అంటే మనుషులున్నట్టు. తెల్లబడితే ఇల్లు వదిలేసినట్టు. అన్నిటికంటే పైనున్న ఇంటి దొడ్డి తెల్లగా ఉంది. సున్నా వేసి సేవ్ చేశాను.

మర్నాడు చూస్తే అక్కడ సున్నా బదులు ఒకటి ఉంది. కొట్టేశాను. ఆ మర్నాడు మళ్ళీ ఒకటి, మళ్ళీ కొట్టేశాను. ఆ తర్వాతి రోజూ అంతే. ఒళ్ళు మండి మా సీనియర్ మాధవి గారికి చెప్తే నవ్వేశారు.

"సేవ్ అవ్వకముందే క్లోజ్ చేసేసుంటావమ్మా. ఒకసారి లాగ్ చెక్ చేసుకో."

చేశాను. ఆ ఒకట్లన్నీ నా లాగిన్‌తోనే, మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పడ్డాయి. మూడోది పడిన సమయానికి నేను డెంటిస్ట్ దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నాను. లాప్‌టాప్ ఆఫీసు లాకర్లో ఉంది.

మా టీమ్‌లో రోసాది ఆ జిల్లానే. ఆమెతో చెప్పి నవ్వుకుందామనుకున్నాను. ఆమె నవ్వలేదు. లోయలో ఉన్న వాళ్ళ మామయ్యకు ఫోన్ చేసింది. ఆయన ఒక పగలంతా నడిచి పైకి వెళ్ళాడు.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉంది. మందను బంధువులకిచ్చేసి పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని ఊరంతా అనుకుంటున్నారట. మంద లేదు కనక దొడ్డి తెల్లబడింది. కాలు విరిగి, పొయ్యి కూడా వెలిగించుకోలేక పడి ఉంది. గుర్రం మీద కిందికి దించారు. బతికింది.

కోలుకున్నాక ఆవిడ రోసాతో ఫోన్‌లో మాట్లాడింది. పక్కనే కూర్చున్న నాకు రోసా ఒక్కో మాటా ఇంగ్లీషులో చెప్పింది. మూడు మధ్యాహ్నాలు ఎవరో అమ్మాయి వచ్చి, వాకిట్లో నిలబడి, ఇంట్లో ఎంతమందని అడిగిందట. ఒక్కదాన్నేనని ఆవిడ చెప్పిందట.

"ప్రతిసారీ చెప్పాను. రాసుకునేది, మళ్ళీ నా కళ్ళముందే కొట్టేసేది. నేనేం పాపం చేశానని?" అందట.

ఆ ఒకట్లు ఎవరు వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. కొట్టేసింది మాత్రం నేనే.