తోలు చిరిగిన బౌరాన్

నానబెట్టిన మేకతోలుకు ఒక వాసన ఉంటుంది. కొత్తవాళ్లయితే ముక్కు మూసుకుంటారు. ఈ ఉదయం మలేసియాలోని ఇపోలో, వాద్యాలకు తోలు బిగించే నా చిన్న దుకాణంలో తొట్టి మూత తీయగానే ఆ వాసన గుప్పుమంది. నాకు మాత్రం సంతోషమ్మత్త గుర్తొచ్చింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. సుంగై పెటానిలో చేతి తొడుగుల కర్మాగారంలో ఇరవై ఏళ్లకు పైగా తనిఖీ పని చేసిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. చర్చికి వెళ్లినా పనికి వెళ్లినా ఒకటే నడక. సాయంత్రాలు మాత్రం ఇంటి వెనక రేకుల గదిలో ఐరిష్ జానపద బాణీలను, గిటారు ధ్వనిని మెలికలు తిప్పే సైకడెలిక్ రాక్‌తో కలిపి వాయించే బృందాన్ని నడిపేది. చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మమని ఆమె ఎవరినీ బతిమాలేదీ కాదు.

చిన్నప్పుడు కాన్వెంటు బడిలో ఐర్లండు నుంచి వచ్చిన ఒక సిస్టరు ఆమెకు వయొలిన్ నేర్పింది. తిరిగి వెళ్లిపోతూ తన బౌరాన్‌ను ఆమె చేతిలో పెట్టింది. బౌరాన్ అంటే గుండ్రటి చెక్క చట్రానికి ఒక వైపే మేకతోలు బిగించిన వాద్యం. చిన్న పుల్లతో వాయిస్తారు. మన డప్పుకు దూరపు చుట్టం అనుకోండి. నేను కర్మాగారంలో ఆమె కిందే పనికి చేరాను. అన్నాల వేళ బల్ల మీద నా వేళ్లు ఊరుకోకపోవడం ఆమె కంటపడింది.

"ఏటే గుంటా, ఎవులు నేర్పినారు?"

"మా తాత. రబ్బరు ఎస్టేటులో డప్పు వాయించీవోడు."

"సాయంత్రం మా ఇంటికి రా" అంది. వస్తావా అని అడగలేదు.

మూడో మనిషి ఫైజల్. అదే కర్మాగారంలో యంత్రాలు బాగుచేసేవాడు, గిటారు వాయించేవాడు. అతని కాళ్ల దగ్గర అరడజను పెడళ్లు ఉండేవి. ఒకటి తొక్కితే ఒక్క మీటు నాలుగుసార్లు ప్రతిధ్వనించేది, ఇంకోటి తొక్కితే ధ్వని గదంతా సుడి తిరిగేది. అత్త వాటి మీద కాలు వెంటనే వేయనిచ్చేది కాదు. బాణీ ముందు నోటికి రావాలి. కర్మాగారం బస్సు దిగిన చోటు నుంచి ఇంటిదాకా ముగ్గురం అడుగుకు సరిగ్గా కూనిరాగం తీస్తూ నడవాలి. ఎవరు తాళం తప్పినా అందరం మళ్లీ బస్సు స్టాపు దగ్గరికి పోవాల్సిందే. దారిలో టీ కొట్టువాళ్లు పడీపడీ నవ్వేవారు. ఒకరోజు మూడోసారి వెనక్కి నడిచాక నాకు ఒళ్లు మండింది. "ఇది ఎవరు వింటారత్తా?" అన్నాను.

"నాను ఇంటన్నాను కదే. సాలదేటి?" అంది.

చాలదని నాకు తర్వాత తెలిసింది. ఆమె ఎడమచేతి వేళ్లు పొద్దున్నే ముడుచుకోవడం మానేశాయి. మహా అయితే ఇంకో ఏడాది వాయించగలవని డాక్టరు చెప్పాడట. అన్నేళ్లుగా ఆ రేకుల గదిలో వాయించింది కానీ ఒక్కసారీ జనం ముందు వాయించలేదు. తన కోరిక నా ఒక్కదానితోనే చెప్పింది. "ఒక్కపాలైనా మనుసుల ముందు వాయించాలే. తరవాత సెయ్యి పోతే పోనీ." మేం రికార్డు చేసిన బాణీలు చాలామందికి పంపాం. ఐరిష్ ఏమిటి, మీరేమిటి అన్నవాళ్లే ఎక్కువ. చివరికి ఇపోలో ఒక హాలువాళ్లు శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ అరగంట ఇస్తామన్నారు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వాన. చెమ్మకు బౌరాన్ తోలు జారిపోయి, కొడితే తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. మేము వేదిక ఎక్కడానికి ఇంకో పావుగంటే ఉంది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. హాలు వెనక వసారాలో పాత పేపర్లు ముట్టించి, మా తాత డప్పు కాచినట్టే మంట మీద పట్టాను. డప్పు తోలు మందం, ఆ మంటకు ఓర్చుకుంటుంది. ఈ మేకతోలు పల్చన. 'టప్'మని ఈ అంచు నుంచి ఆ అంచుకు చిరిగిపోయింది.

అత్త నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బౌరాన్ తీసుకుని చిరుగులోంచి తన వేళ్లు దూర్చి చూసింది. సిస్టరు ఇచ్చిన వస్తువు.

"డప్పనుకున్నావేటే?" అంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆమె ఏడాదిని నా చేత్తో కాల్చేశాననిపించింది. ఆమె నా చేతిలో పుల్ల పెట్టి, బౌరాన్‌ను నా ఒళ్లోకి తోసింది. "ఏడుపు తరవాత. సెక్క మీద కొట్టు. రా, బేగి!"

వేదిక మీద ఫైజల్‌కు మలయ్‌లో ఏదో చెప్పింది. అతను చెక్క అంచుకు ఆనించినట్టు మైకు పెట్టి, దాన్ని తన ప్రతిధ్వని పెడలుకు కలిపాడు. నేను అంచు మీద ఒక దెబ్బ వేశాను. అది నాలుగుసార్లు హాలంతా తిరిగి వచ్చింది. మా రేకుల గదిలో అలాంటి శబ్దం ఎప్పుడూ పుట్టలేదు. అత్త అది పూర్తిగా ఆగేదాకా ఆగి, వయొలిన్ ఎత్తింది. మొదటి బాణీకి జనం తింటూనే ఉన్నారు. మూడోదానికి ముందు వరుసలోని చైనీస్ తాతగారు చేతికర్రతో తాళం వేయడం మొదలుపెట్టారు. అత్త చిటికెనవేలు తీగ మీద వంగడం లేదు. ఉంగరపు వేలినే పైకి జరిపి ఆ స్వరం పట్టుకుంటోంది. అది చూశాక నా చెయ్యి ఆగితే నేను మనిషినే కాదనుకున్నాను. అరగంటా వాయించాం. చప్పట్లు ఆగేదాకా ఆమె కదలకుండా నిలబడింది.

మెట్లు దిగుతూ నా వైపు తిరిగి, "ఇప్పుడేడువే" అంది. నాకేమో నవ్వొచ్చింది.

మర్నాడు మాత్రం నన్ను వదల్లేదు. "సింపినోలే తోలు ఎయ్యాల" అని, కొంపాంగ్ అనే మలయ్ వాద్యాలకు తోలు బిగించే ఒక ముసలాయన దగ్గరికి పంపింది. నెలల తరబడి ఆదివారాలు అక్కడే గడిపాను. ఈ దుకాణం, ఈ బతుకు అలా వచ్చినవే. అత్త ఆ తర్వాత మరో ఐదారు చోట్ల వాయించింది. వేళ్లు పూర్తిగా మొరాయించాక కుర్చీలో కూర్చుని కాలితో తాళం వేస్తూ మా తప్పులు పట్టుకునేది.

రెండేళ్ల కిందట ఆమె పోయింది. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఫైజల్, నేను ఒక బాణీ వాయించాలి. నేను స్వయంగా తోలు వేసిన ఆ బౌరాన్ మీద మొదటి దెబ్బ పడగానే నా చెయ్యి వాలిపోయింది. అందరూ నన్నే చూస్తున్నారు. పుల్లను అంచు మీదికి జరిపాను. చెక్క మీదే కొడుతూ బాణీ చివరిదాకా వెళ్లాను. తర్వాతే ఏడ్చాను, గంటసేపు, ఎవరు ఓదార్చినా వినకుండా.

ఆ చట్రానికి ఇప్పటికి నాలుగుసార్లు తోలు మార్చాను. చెక్క మాత్రం సిస్టరు నాటిదే. పుల్ల తగిలి తగిలి అంచు ఒకచోట అరిగి నున్నబడింది. ఈ శనివారం మళ్లీ వాయించాలి. ఇందాక ఫైజల్ ఫోన్ చేశాడు. వాన పడుతుందట, తోలు జారుతుందేమోనని అతని బెంగ.

"జారితే జారనీ, చెక్క ఉంది కదా" అన్నాను.