ఎర్ర గీతకు మూరెడు ఇవతల

మామ చనిపోయిన కబురు ఊళ్ళో మొదట చెప్పింది నేనే. ఎవరూ నమ్మలేదు. తప్పు వాళ్ళది కాదు. కలెక్టరు గారు వస్తున్నారని ఒకసారి ఊరందరి చేతా రోడ్డు ఊడ్పించినవాణ్ణి నేను. ఆ పొద్దున టీ అంగడి ముందు నిలబడి సంగతి చెబితే, అంగడాయన పాలు తిప్పుతూనే, "నిన్న సాయంత్రం గదరా ఈడ కూసోని టీ తాగినాడు? పొద్దన్నే ఏం కూతలు అవి?" అని కసిరాడు. ఆ తర్వాత నా మొహంలోకి చూసి గిన్నె కింద పెట్టేశాడు.

పడుకున్న మనిషిని అత్త టీ తెచ్చి లేపితే లేవలేదు. అంతే.

మామ మా పక్కింటాయన. చుట్టరికం ఏమీ లేదు. బుద్ధి తెలిసినప్పటి నుంచి మామా అని పిలిచాను, ఆయన అల్లుడా అని పలికాడు. నేను ఏడో తరగతిలో బడి ఎగ్గొట్టి వచ్చేస్తే, ఊరంతా తిట్టింది గానీ ఆయన మాత్రం, "సరే, ఈ తాడు పట్టుకో" అన్నాడు. సముద్రం నాకు పడలేదు, వాంతులు. చివరికి పంక్చర్ల అంగడి పెట్టుకున్నాను. అయినా ఆయన పడవ ఒడ్డుకు వచ్చే వేళకు రేవులో ఉండటం అలవాటైపోయింది.

మా రేవులో ఇంజను లేని తెరచాప పడవ ఆయనది ఒక్కటే మిగిలింది. చిన్నది, ఒక్కడే పోయి ఒక్కడే వస్తాడు. పోవడం సులువే. ఒడ్డుకొచ్చాక ఇసకలో పైకి లాగడమే కష్టం. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పడవను పైకి తోసేటప్పుడు చెయ్యి వేసిన ప్రతివాళ్ళకూ కూరకు సరిపడా చేపలు ఇవ్వాలి. గట్టిగా తోశావా, ఊరికే ఆనించావా అని ఎవరూ అడగరు. "చెయ్యి ఆనితే చాలు, అదే తోపు" అనేవాడు మామ. కానీ రానురాను బలమున్న వాళ్ళంతా పొద్దున్నే బస్సెక్కి కంపెనీ పనులకు, రొయ్యల గుంటలకు పోసాగారు. రేవులో మిగిలింది ముసలివాళ్ళు. మామ నడుం పట్టేసింది. పడవ అమ్మేస్తానన్నాడు. ఆ మాట అన్న రోజు ఆయన అన్నం తినలేదని అత్త చెప్పింది.

పడవను ఎక్కించి లాగే బండి ఒకటి ఫోన్లో చూపించాను. తళతళలాడే అల్యూమినియంది. ధర విని మామ, "పడవ అమ్మితే గానీ ఈ బండి కొనలేం. కొన్నాక దాని మీద ఏం పెట్టేదిరా, నిన్నా?" అన్నాడు.

అందుకే మేమే చేశాం. చిల్లకూరు దగ్గర హైవే పక్కన పాత సామాన్ల అంగట్లో ఒక ఇరుసు, రెండు కారు చక్రాలు దొరికాయి. బోరింగుకు వాడి పారేసిన పైపులతో చట్రం వెల్డింగు చేయించాం. పడవ అడుగు ఒరుసుకోకుండా చినిగిపోయిన వలలు చుట్టి మెత్త వేశాడు మామ. ఇక చక్రాలు నా వంతు. పంక్చర్ల మేస్త్రీని గదా, టైర్లలో రాయిలాగా గాలి కొట్టాను. మొదటి రోజే రెండు చక్రాలూ ఇరుసు దాకా ఇసకలో దిగబడ్డాయి. రేవంతా నవ్వింది. మామ వంగి టైరు మీద తట్టి, "నీ మాదిరే ఉండాది, ఊరికే ఉబ్బి" అని గాలి సగానికి పైగా తీసేశాడు. మెత్తబడిన టైరు ఇసక మీద పరుచుకుని నడిచింది. ఇరవై ఏళ్ళుగా గాలి కొడుతున్నాను, ఆ సంగతి నాకు తెలియదు.

పడవ సరిగ్గా ఇరుసు మీద కూర్చుంటే బరువు తెలియదు. ఎక్కడ కూర్చోవాలో గుర్తుకని పడవ పక్కన ఎర్ర రంగుతో గీత గీశాను. ఆయన్ని ఏడిపిద్దామని బండికి పాంపాం హారను కూడా బిగించాను. గీత ఇరుసుకు ఎదురుగా వస్తే ఇద్దరం చాలు, ఒక్క ఊపున పైకి వచ్చేసేది. మామ చిన్నపిల్లవాడిలా హారను మోగించాడు.

ఆ రోజే ఒక అవ్వ మా వెనకాల నిలబడింది. ఒంటరి మనిషి. ఎండు చేపలు అమ్మేది, మోకాళ్ళు పోయాక మానేసింది. రోజూ పడవకు చెయ్యి ఆనించి, సత్తు గిన్నెలో చేపలు పెట్టించుకుని పోయేది. ఆ కూరే ఆమెకు రెండు పూటలా.

"రా అవ్వా, గిన్నె పట్టు" అన్నాడు మామ.

"నేనేం చేసినానని? లాగింది నీ బండి. దానికే పెట్టు."

"ఊరికే తీసుకోవే."

"ఊరికే తీసుకుంటే అడుక్కున్నట్టు గదయ్యా" అని ఖాళీ గిన్నెతో వెళ్ళిపోయింది. మూడు రోజులు రేవుకే రాలేదు. మామ ఆ మూడు రోజులూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నాలుగో రోజు పడవ బండి ఎక్కింది గానీ ఎర్ర గీత ఇరుసుకు మూరెడు ఇవతలే ఆగిపోయింది. బరువంతా వెనక్కి పడి బండి కదలనంది.

"మామా, గీత!" అని అరిచాను.

"ఏం గీతరా? కండ్లు ఆనట్లేదు నాకు" అని రెండుసార్లు హారను కొట్టాడు. "రాండి, చెయ్యెయ్యండి! అవ్వా, యాడుండావు, నువ్వు లేకుంటే ఇది కదిలేట్టు లేదు!"

ఆ రోజు దూరంగా గట్టు మీద నిలబడిన అవ్వ వచ్చింది. గిన్నె ఇసకలో పెట్టి చెయ్యి వేసింది. "నీ బండి మొగం మండ, మల్లా మేమే దిక్కయినామా?" అంది. ఆమె అంత సంతోషంగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

ఆ రోజు నుంచీ అంతే. నేను కండ్ల జబ్బే అనుకున్నాను. నెల్లూరు తీసుకుపోయి చూపిస్తానంటే రేపు, ఎల్లుండి అనేవాడు. ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి పోతే వసారాలో కూర్చుని వల అల్లుతున్నాడు. వెంట్రుక లాంటి నైలాను దారం, అద్దాలు లేకుండా, ఒక్కసారికే సూదిలోకి ఎక్కించాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

తల ఎత్తకుండానే అన్నాడు: "ఊర్నంతా నువ్వే ఆడించాల్నా? నేను ఒక్కదాన్ని ఆడించగూడదా? అవ్వతో చెప్పినావంటే నీ అంగట్లో టైర్లన్నిటికీ గాలి తీసేస్తా."

చెప్పలేదు. ఎవరి ఆటనైనా బయటపెట్టకుండా నేను దాచింది అదొక్కటే.

మామను చర్చి వెనక పాతిపెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే అవ్వ అందరికంటే వెనక నిలబడింది. మట్టి వేసేటప్పుడు ముందుకొచ్చి పిడికెడు వేసి, ఆ చెయ్యి కాసేపు మట్టి మీదే ఆనించి ఉంచింది.

పోయిన వారం మామ సొంత అల్లుడు పడవను వేటకు తీసుకుపోయాడు. పనిమంతుడు. వచ్చేటప్పుడు బండితో మోకాటిలోతు నీళ్ళలో నిలబడ్డాను. పడవను తెచ్చి గీతను సరిగ్గా ఇరుసుకు ఎదురుగా పెట్టాడు. "అన్నా, కుదిరింది, కట్టేద్దాం" అన్నాడు.

అవ్వ దూరంగా నిలబడి ఉంది. గిన్నె చీర కొంగు కింద దాచింది.

"ఇంకా కొంచెం వెనక్కి పోనీ" అన్నాను.

"గీత బాగానే ఉండాది గదన్నా?"

"నాకు కండ్లు ఆనట్లేదురా."

వాడు నన్ను వింతగా చూసి వెనక్కి జరిపాడు. నేను రెండుసార్లు హారను కొట్టాను.

అవ్వ మెల్లగా నడిచి వచ్చింది. గిన్నె ఇసకలో పెట్టింది. "మీ మామకూ ఇంతే, కండ్లు ఆనేవి గావు పాపం" అంటూ, తడి పడవ మీద, ఎర్ర గీత పైనే అరచెయ్యి ఆనించింది.