బారన్ గారికి ఆలస్యంగా గుర్తొచ్చిన చుట్టరికం

మా అమ్మాయికి హైస్కూల్లో హిస్టరీ ప్రాజెక్టు ఇచ్చారు. ఎనిమిది వందల ఏళ్ళ పైమాట, ఇంగ్లండ్‌లోనూ, సముద్రం దాటితే నార్మండీలోనూ భూములున్న ఒక బారన్ గారి కుటుంబం. ఆయన వంశవృక్షం చార్టు మీద గీయాలి, పక్కనే తన కుటుంబానిదీ గీయాలి, తేడాలేమిటో శుక్రవారం క్లాసులో నిలబడి చెప్పాలి. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి ఉన్నది ఒక్కటే టేబుల్. దాన్ని చార్టుకి వదిలేసి, నాలుగు రోజులు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం.

ఆ బారన్ మీద నాకు మొదటి రోజే ఒళ్ళు మండింది. వరసకి చుట్టమయ్యే పిల్లని, ఆమె వెంట వచ్చే కోటల కోసం చేసుకున్నాడు. పన్నెండేళ్ళు కాపురం చేశాడు. అందరూ ఆడపిల్లలే పుట్టారు. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి, తమ ముత్తాతలిద్దరూ అన్నదమ్ములని! ఏడు తరాల లోపు చుట్టరికముంటే పెళ్ళి చెల్లదని అప్పట్లో చర్చి రూలు. బిషప్ గారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నిజమే, ఇది అసలు పెళ్ళే కాదన్నాడు. ఆమె మఠానికి పోయింది, ఈయన ఇంకో పెళ్ళికి పోయాడు.

"పెళ్ళినాడు తెలీదా వాడికి? చుట్టరికం జేబులో దాచుకుని అవసరమొచ్చినప్పుడు తీశాడు, దొంగవెధవ," అని సింక్ దగ్గర్నుంచి అరిచాను.

"అమ్మా, నాతో ఆర్గ్యూ చేయకు. నేను బారన్‌ని కాదు," అంది మా పిల్ల.

బుధవారం సాయంత్రం మా చార్టు మొదలుపెట్టింది. వాళ్ళ నాన్నని అడిగి ఆ వైపు రాసుకుంది, నన్నడిగి ఈ వైపు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వంటింట్లోకి, బాల్కనీలోకి, మళ్ళీ వంటింట్లోకి. రెండు కొమ్మలూ ఎక్కడ కలుస్తాయో నాకు తెలుసు కదా.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. నేను పుట్టినరోజునే మా నాయనమ్మ ఈ సంబంధం ఖాయం చేసేసిందట. మా కోనసీమలో ఇది దాచుకునే విషయం కాదు, గొప్పగా చెప్పుకునేది. ఒకే గోత్రమైతే ఎంత దూరమైనా వద్దంటాం, మేనత్త కొడుకైతే పిలిచి మరీ ఇస్తాం. ఆ బిషప్ గారు మా ఊరొచ్చుంటే మూర్ఛపోయేవాడు. దాచడం నేను ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. మీరిద్దరూ ఎలా కలిశారని ఆఫీసులో ఎవరో అడిగితే "ఫ్యామిలీ ఫ్రెండ్స్" అన్నాను. ఆ మాట అలవాటైపోయింది. నోరారా బావా అని పిలిచేదాన్ని, "ఏవండీ"లోకి దిగాను. పిల్లకీ చెప్పలేదు. చెప్పే పెద్దవాళ్ళు అది పుట్టకముందే పోయారు.

"అమ్మా, వెయిట్. ఈయన నాన్నకి తాత. నీకూ తాత. సేమ్ గై!"

సోఫాలోంచి మా ఆయన, "అవునమ్మా. మీ అమ్మకి నన్ను హోమ్ డెలివరీ చేశారు," అన్నాడు. పిల్ల పకపకా నవ్వింది. తర్వాత పెన్సిల్ కింద పెట్టింది.

"నేను పుట్టేముందు డాక్టర్‌కి చెప్పారా?"

చెప్పలేదు. మొదటి చెకప్‌లో ఒక ఫారం ఇచ్చారు. బిడ్డ తల్లీ తండ్రీ రక్తసంబంధీకులా అని ఒక ప్రశ్న. మా ఆయన కారు పార్క్ చేసి వచ్చేలోపు "నో" దగ్గర టిక్ పెట్టేశాను. మా పెదనాన్నకి పుట్టుచెవుడు. ఆయనే మా ఆయనకి మేనమామ. ఇది పుట్టాక ఎన్ని నెలలు ఉయ్యాల వెనక నిలబడి కారు తాళాలు గలగలలాడించానో! తల తిప్పేది. మర్నాడు మళ్ళీ ఆడించేదాన్ని.

ఇదంతా దానితో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, బేరం పెట్టింది.

"క్లాస్‌లో నీకు ఎంబరాసింగ్ అయితే చార్టులో ఒక వైపు తాత పేరు మార్చేస్తా. కానీ రేపు నా చెకప్‌లో నువ్వే డాక్టర్‌కి చెప్పాలి."

"పదహారేళ్ళుగా గుండ్రాయిలా ఉన్నావు, ఇప్పుడెందుకే?"

"బారన్ జేబులో దాచాడు అన్నావు కదా. మరి నీ జేబులో?"

"వాడు పెళ్ళాన్ని వదిలించుకోడానికి బయట పెట్టాడు. నేను నా మొగుణ్ణి ఎవరూ వింతగా చూడకూడదని దాచాను. రెండూ ఒకటేనా?"

"డాక్టర్‌కి రెండూ ఒకటే, అమ్మా."

మా ఆయన టీవీ సౌండ్ తగ్గించి మరీ నావైపు చూశాడు.

గురువారం డాక్టరమ్మ ముందు కూర్చుని, ఆ ఫారంలో అబద్ధం రాశానని చెప్పాను. ఆవిడ టైప్ చేసుకుంటూ, పుట్టుకతో వినపడనివాళ్ళు, గుండె జబ్బులవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. పెదనాన్న గురించి చెప్పాను. కంగారు లేదుగానీ ఒక రక్తపరీక్ష చేయిద్దాం, ఇది మాకు ముందే తెలిసుంటే బాగుండేది అంది. అంతే. గట్టిగా తిట్టినా బాగుండేది, ఎదురు వాదించేదాన్ని.

కారెక్కాక, "తాత పేరు మార్చకు," అన్నాను.

"నిన్ననే అసలు పేరే మార్కర్‌తో రాసేశా," అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

సిగ్నల్ దగ్గర మా ఆయనకి స్పీకర్‌లో ఫోన్ చేశాను. "బావా, వచ్చేటప్పుడు పాలు పట్రా."

"ఏమైందే? పక్కన ఎవరూ లేరా?"

"నీ కూతురుంది."

శుక్రవారం క్లాసులో అది చెప్పాల్సింది చెప్పేసి వచ్చింది. ఎవరేమన్నారని అడిగితే, "బారన్ జెర్క్ అన్నారు," అంది. అంటే నా భాషలో దొంగవెధవే. రక్తపరీక్ష రిజల్ట్ మాత్రం ఇంకా రాలేదు. ఫోన్‌లో ఆస్పత్రి యాప్ తెరుస్తున్నాను, మూస్తున్నాను, మళ్ళీ తెరుస్తున్నాను.